డోజరు బ్లేడు కింద పైమట్టి: భూమి చదును చేయించే రైతులకు, యంత్ర యజమానులకు కొన్ని సూచనలు



ఏళ్ళ తరబడి మెరకపల్లాలతో సతాయించిన చేను రెండు రోజుల్లో అద్దంలా చదునైతే కలిగే సంతోషం సామాన్యమైనది కాదు. డోజరు వెళ్ళిపోయిన సాయంత్రం రైతు గట్టుమీద నిలబడి ఈ చివర నుండి ఆ చివర వరకు చూసుకొని మురిసిపోవడం మేము ఎన్నోసార్లు చూశాము. అయితే ఆ నున్నని నేల అడుగున బ్లేడు ఏమి చేసి వెళ్ళిందో ఆ సాయంత్రం కంటికి కనిపించదు. నాటు వేసిన నెలరోజులకు పైరు చెబుతుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. 2017 వేసవిలో నల్గొండ జిల్లాలోని నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఎగువన ఉన్న ఒక గ్రామంలో, రెండెకరాల ఎర్ర చెలకను మడిగా మార్చుకోవడానికి ఒక రైతుకు మా శాఖ నుండి భూమి అభివృద్ధి రుణం ఇచ్చాము. ఎగువ అంచు దిగువ అంచుకంటే సుమారు నాలుగడుగులు ఎత్తులో ఉండేది. పని ముగిసిన తరువాత రుణ వినియోగ తనిఖీకి నేనే వెళ్ళాను. నీళ్ళ గొట్టంతో మట్టం పట్టి చూశాను. చేను ఎక్కడా రెండంగుళాల తేడా లేకుండా ఉంది. 'పని సంతృప్తికరం' అని వ్రాసి సంతకం చేసి వచ్చాను.

ఆ వానాకాలంలో నాటిన వరి దిగువ సగంలో పచ్చగా కుదురుకున్నది. ఎగువ సగంలో మాత్రం గిడసబారి, ఆకులపై తుప్పు రంగు మచ్చలతో నిలిచిపోయింది. నన్ను పిలిపించిన రైతు కోపగించుకోలేదు. "మీరే గద సారూ మంచిగున్నదని రాసుకపోయింది. ఇగ ఇప్పుడు జూడుండ్రి" అన్నాడు. గడ్డపారతో ఎగువ భాగంలో తవ్వి చూస్తే రెండంగుళాల కిందనే గరుసు తగిలింది. దిగువ భాగంలో రెండడుగుల లోతున, గరుసు పొర కింద, తాతలనాటి నుండి పెంట తోలి పెంచుకున్న మంచి మట్టి చెక్కుచెదరకుండా పడి ఉంది. డోజరు పైమట్టిని ముందుగా పల్లంలోకి నెట్టి, దానిపై గరుసును కప్పింది. పల్లంలో తడి నిలిచినందువలన, సందుల్లో ఎంతో కొంత మట్టి మిగిలినందువలన అక్కడి పైరు తట్టుకున్నది. బి.యస్సీ. చదివి, నేల పొరల గురించి పరీక్షలు వ్రాసి ఉద్యోగంలో చేరిన నేను ఆనాడు చేతిలో నీళ్ళ గొట్టంతోపాటు ఒక గడ్డపార పట్టుకొని వెళ్ళి ఉండవలసింది.

అందువలన ఈ వ్యాసంలో డోజరు బ్లేడును గురించి కొంత వివరంగా వ్రాస్తున్నాను. యంత్రం మీరు నడపకపోవచ్చు. గంటకు ఇంత అని కిరాయి చెల్లించేది మాత్రం మీరే. బ్లేడు ఎలా కదలాలో తెలిసిన రైతు గట్టుమీద నిలబడితే ఆపరేటరు పని తీరు వేరుగా ఉంటుంది.

డోజరు మన పొలాలకు వచ్చిన దారి

భారీ యంత్రాలతో సాగుభూమిని బాగుచేయడం మన దేశంలో కొత్త విషయం కాదు. రెల్లుగడ్డి ఆక్రమించిన మధ్య భారత భూములను సాగులోకి తెచ్చేందుకు కావలసిన భారీ ట్రాక్టర్ల కొరకు 1949లో భారత ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు నుండి 1 కోటి డాలర్ల రుణం తీసుకున్నది. ఆ బ్యాంకు మన దేశానికి ఇచ్చిన తొలి రుణాల్లో అది ఒకటి. 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ తయారుచేసిన డి-50, డి-80 తరగతి డోజర్లు తరువాతి దశాబ్దాలలో మన పల్లెలకు పరిచయమయ్యాయి. 1974-75లో ఆయకట్టు అభివృద్ధి పథకం ప్రారంభమైనప్పుడు భూమి చదును కూడా అందులో ఒక ముఖ్య అంశమైంది. ఊరికి డోజరు వచ్చిందంటే నాడు జాతర వచ్చినట్లే. పిల్లలు బడి మానేసి దాని వెనుక తిరిగేవారని మా శాఖలో పదవీ విరమణ చేసిన పెద్దలు చెబుతుంటారు. నేడు జేసీబీ ప్రతి ఊరిలో ఉన్నది గాని, అది తవ్వడానికి, ట్రాలీలో ఎత్తిపోయడానికి అనువైన యంత్రం. మట్టిని కోసి, ముందుకు మోసి, పలుచగా పరిచే పనిలో డోజరు బ్లేడుకు అది సాటిరాదు.

బ్లేడు పెట్టకముందే చేయవలసినవి

మొదట గోతులు తీయించండి. ఎకరానికి నాలుగు చోట్ల, మెరక మీద రెండు, పల్లంలో రెండు, మూడడుగుల లోతు వరకు తీస్తే మీ భూమి అడుగున ఏమున్నదో తెలుస్తుంది. చెలక భూముల్లో సాధారణంగా మెరక మీదనే పైమట్టి పలుచగా ఉంటుంది. వానకు కొట్టుకొని దిగువకు చేరుతుంది కదా. అంటే బ్లేడు ఎక్కడ ఎక్కువ కోయాలో అక్కడే కోయడానికి తక్కువ మట్టి ఉంటుంది. నల్లరేగడిలో పైపొర లోతుగా ఉన్నా, కింద సున్నపు గడ్డలతో కూడిన పొర గాని, చౌడు పొర గాని ఉండవచ్చు. దానిని పైకి తేవడం కొత్త కష్టాన్ని కొని తెచ్చుకోవడమే.

తరువాత మట్టం పట్టించండి. ముప్పై అడుగులకు ఒకటి చొప్పున గడులుగా మేకులు పాతి, ప్రతి మేకు వద్ద నేల ఎత్తును వ్రాసుకొని, అన్నింటినీ కూడి మేకుల సంఖ్యతో భాగిస్తే సగటు ఎత్తు వస్తుంది. వరి మడికైతే అదే మీ కొత్త మట్టం. కాలువల ద్వారా నీరు పారించే ఆరుతడి పంటలకైతే కొంత వాలు అవసరం. బరువు నేలల్లో నూటికి 0.05 నుండి 0.20 వరకు, మధ్యరకం నేలల్లో 0.20 నుండి 0.40 వరకు వాలు సరిపోతుంది. రైతు లెక్కలో చెప్పాలంటే నూరడుగుల పొడవుకు మూడంగుళాల దిగుదల 0.25 శాతం వాలు అవుతుంది. కోతకు వచ్చే మట్టి నింపడానికి పట్టే మట్టికి సరిగ్గా సమానంగా ఉండాలని అనుకోకండి. పోసిన మట్టి అణగిపోతుంది, కొంత చెల్లాచెదురవుతుంది. కాబట్టి కోత పరిమాణం పూడిక కంటే 20 నుండి 40 శాతం అధికంగా ఉండేటట్లు మట్టాన్ని ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించి నిర్ణయిస్తారు.

ఈ లెక్క వేసుకున్న తరువాత మెరక మీద రెండడుగులకు మించి కోత వస్తున్నట్లయితే ఆగి ఆలోచించండి. రెండెకరాలను ఒకే మడిగా చేయాలన్న పట్టుదల ఎందుకు? వాలుకు అడ్డంగా గట్లు వేసి మూడు నాలుగు కయ్యలుగా, మెట్లుగా చేసుకుంటే కోత లోతు సగానికి పైగా తగ్గుతుంది, డోజరు గంటలు తగ్గుతాయి, పైమట్టి దక్కుతుంది. గట్ల కింద పోయే స్థలాన్ని గురించి చాలామంది బాధపడతారు. గరుసు తేలిన అరెకరం కంటే ఆ గట్టు స్థలం చాలా తక్కువ.

బ్లేడు, దాని కదలికలు

బ్లేడును ఎత్తడం, దించడం, ఉన్నచోట నిలిపి ఉంచడం, తేలియాడనివ్వడం అనే నాలుగు స్థితులు లివరుకు ఉంటాయి. తేలియాడే స్థితిలో బ్లేడు తన బరువుతో నేల ఎత్తుపల్లాలను అనుసరిస్తుంది. ఇవి గాక, బ్లేడు ఒక మూలను కిందికి వంచే సదుపాయం అనేక యంత్రాలకు ఉంటుంది. గట్టి నేలను పెకలించడానికి, చిన్న కాలువ తీయడానికి ఇది ఉపయోగిస్తుంది. ఏటవాలుగా తిప్పగల బ్లేడును సుమారు 25 డిగ్రీల వరకు పక్కకు తిప్పి, మట్టిని ముందుకు గాక ప్రక్కకు వరుసగా పోయవచ్చు. గట్లు వేయడానికి ఇది అనుకూలం. లోతు కోతకు మాత్రం బ్లేడు నేరుగానే ఉండాలి.

డోజరు పనిలోని చిక్కంతా ఒక చిన్న విషయంలో ఉన్నది. బ్లేడు ముందు ఉంటుంది, గొలుసు పట్టాలు వెనుక వస్తాయి. బ్లేడు విడిచిన ఉపరితలం మీదికే యంత్రం ఎక్కుతుంది. బ్లేడు ఒకచోట రెండంగుళాలు లోతుగా దిగితే, మరుక్షణంలో పట్టాలు ఆ గుంటలోకి దిగి, ముక్కు వంగి, బ్లేడు మరింత లోతుకు పోతుంది. ఆపరేటరు కంగారుపడి ఎత్తితే వెనుక దిబ్బ మిగులుతుంది. ఆ దిబ్బ ఎక్కినప్పుడు బ్లేడు గాలిలోకి లేస్తుంది. ఈ విధంగా ఒక తప్పు చేను పొడవునా అలలు అలలుగా సాగుతుంది. అందుచేత అనుభవజ్ఞుడైన ఆపరేటరు మొదట యంత్రం నిలబడేంత స్థలాన్ని చదునుగా సిద్ధం చేసుకొని, అక్కడి నుండి కోత మొదలుపెడతాడు. లివరును కొద్దికొద్దిగా, ముందుగానే కదుపుతాడు. యంత్రం దిబ్బ ఎక్కబోతున్నదని కంటితో చూడకముందే కూర్చున్న సీటు చెబుతుందని ఒక పాత ఆపరేటరు నాతో అన్నాడు. వేగం పెంచినవాడికి ఆ మాట వినబడదు. మొదటి గేరులో కోయాలి.

ఒక్కసారి లోతుగా దించి ఇంజను మూలిగేటట్లు కోయడం నైపుణ్యం కాదు. మొదటి ఎనిమిది, పది మీటర్లలో బ్లేడు నిండాలి. నిండిన తరువాత కోత ఆపి, బ్లేడును నేలకు సమంగా ఎత్తి, మట్టిని మోసుకుపోవాలి. నిండిన బ్లేడుతో ఇంకా కోస్తూ పోతే పట్టాలు జారి నేలను తవ్వుతాయి, డీజిలు ఖర్చవుతుంది, మట్టి ప్రక్కలకు ఒలికిపోతుంది. ఎగువ నుండి దిగువకు నెట్టడం, ఖాళీగా ఎగువకు వెనక్కి రావడం మంచి పద్ధతి. భూమి వాలు యంత్రానికి సాయం చేస్తుంది.

గంటల లెక్క ఎక్కడ పెరుగుతుంది

మీ కిరాయి ఖర్చును నిర్ణయించేది ముఖ్యంగా నెట్టే దూరమే. ఉదాహరణకు, మట్టిని నెట్టే వేగం గంటకు 3 కిలోమీటర్లు, వెనక్కి వచ్చే వేగం 5.4 కిలోమీటర్లు అనుకుందాం. 30 మీటర్లు నెట్టి తిరిగి రావడానికి, గేరు మార్చే 5 సెకన్లతో కలిపి, 61 సెకన్లు పడుతుంది. గంటలో 50 నిమిషాలు నికరంగా పని జరిగితే సుమారు 49 విడతలు. అదే 90 మీటర్లయితే ఒక విడతకు 173 సెకన్లు. అంటే గంటకు 17 విడతలే. మార్గంలో ఒలికే మట్టిని లెక్కలోకి తీసుకోకుండానే ఇంత తేడా ఉన్నది. కావున ఏ మెరకను ఆ ప్రక్కనున్న పల్లంలోకే సర్దేటట్లు చేనును భాగాలుగా విభజించుకోండి. 100 మీటర్లకు మించి మట్టిని తరలించవలసి వస్తే డోజరుతో నెట్టించవద్దు. జేసీబీతో ఎత్తి ట్రాలీలతో తోలించడమే చౌక.

లోతు కోత తప్పని చోట గాడి పద్ధతిని అనుసరించమని ఆపరేటరును కోరండి. ఒకే దారిలో పలుమార్లు నెట్టుకుంటూ పోతే రెండు వైపులా మట్టి గోడలు ఏర్పడి, బ్లేడు ప్రక్కల నుండి మట్టి ఒలికిపోకుండా ఆపుతాయి. ఒక్కొక్క విడతకు ఎక్కువ మట్టి వస్తుంది. దీనివలన పని 20 శాతం వరకు, వాలు అనుకూలిస్తే అంతకు మించి పెరుగుతుంది. గాడి లోతు బ్లేడు ఎత్తును మించరాదు. రెండు గాడుల నడుమ అర మీటరు నుండి మీటరు వెడల్పు గోడ విడిచి, చివరలో ఆ గోడలను కూడా నెట్టివేయాలి. కోతను పూడిక స్థలానికి దగ్గరగా ఉన్న కొస నుండి మొదలుపెట్టి, విడత విడతకు వెనక్కి జరుగుతూ రావాలి. చాలామంది దీనికి విరుద్ధంగా దూరపు కొస నుండి మొదలుపెడతారు. అప్పుడు ప్రతి విడతా పూర్తి దూరం మోయవలసి వస్తుంది.

పైమట్టిని దక్కించుకునే పట్టీ పద్ధతి

ఇక అసలు విషయానికి వద్దాము. ఆరంగుళాల పైమట్టి ఎకరానికి ఎంత ఉంటుందో ఎప్పుడైనా లెక్క వేశారా? సుమారు 600 ఘనపు మీటర్లు. మూడు ఘనపు మీటర్లు పట్టే ట్రాలీతో తోలితే 200 ట్రిప్పులు. పైమట్టిని పోగొట్టుకున్న రైతు దానిని తిరిగి తెచ్చుకోవడానికి ఎంత ఖర్చు చేయాలో దీనిని బట్టి మీరే ఊహించుకోండి. కొందరు ఆపరేటర్లు "మట్టి మట్టే, కలిసిపోతుంది" అంటారు. కలవదు. బ్లేడు మట్టిని పొరలు పొరలుగానే పేరుస్తుంది.

దీనికి పట్టీ పద్ధతి ఉన్నది. కోత, పూడిక రెండూ ఒకే పట్టీలో వచ్చేటట్లు, చేనును వాలు వెంబడి, అంటే ఎగువ నుండి దిగువకు, బ్లేడు వెడల్పుకు రెండు మూడింతలు ఉండే పొడవాటి పట్టీలుగా ముగ్గుతో గీయించండి. మొదటి పట్టీలోని పైమట్టిని, ఆరు నుండి తొమ్మిది అంగుళాలు, గోతుల్లో మీరు చూసిన లోతును బట్టి, చేను బయటకు గాని, గట్టు ప్రక్కకు గాని నెట్టి కుప్పగా ఉంచాలి. అప్పుడు ఆ పట్టీలో బయటపడిన గరుసును ఎగువ నుండి కోసి దిగువకు సర్ది కొత్త మట్టానికి తేవాలి. ఈ అడుగు మట్టం మీ తుది మట్టం కంటే పైమట్టి మందమంత తక్కువగా ఉండాలి. ఇది మరచిపోతే చివరకు పైమట్టి పరిచినప్పుడు చేను మొత్తం ఎత్తు పెరిగి, కాలువ నీరు ఎక్కదు. తరువాత రెండవ పట్టీలోని పైమట్టిని ప్రక్కకు, చదునైన మొదటి పట్టీ మీదికి నెట్టి సమంగా పరచాలి. ఇక్కడే ఏటవాలు బ్లేడు ఉపయోగపడుతుంది. అప్పుడు రెండవ పట్టీ గరుసును సర్దాలి. మూడవదాని పైమట్టి రెండవదాని మీదికి వస్తుంది. ఇలా చివరి పట్టీ వరకు వెళ్ళి, మొదట దాచిన కుప్పను చివరి పట్టీపై పరచాలి. ఆ కుప్పను దూరం మోయకుండా ఉండాలంటే చేను మధ్య నుండి రెండు వైపులకు పని చేయించడం కొందరు అనుసరించే ఉపాయం.

దీనికి గంటలు ఎక్కువ పడతాయి. మా శాఖ పరిధిలో నేను చూసిన పనుల్లో మూడింట ఒక వంతు వరకు అదనంగా పట్టింది. ఆపరేటరు విసుగుపడతాడు. యంత్ర యజమాని గంటల లెక్కన కిరాయి తీసుకుంటే అభ్యంతరం చెప్పడు గాని, ఎకరాకు ఇంత అని గుత్తకు మాట్లాడుకున్నవాడు తప్పకుండా ఒప్పుకోడు. చెలక భూముల్లో గుత్త బేరం వద్దని నా అభిప్రాయం. గుత్తకు పని చేసేవాడికి తొందరగా చదును కనిపించడమే కావాలి. ఒకవేళ గుత్తకే ఇవ్వవలసి వస్తే 'పైమట్టి విడిగా తీసి తిరిగి పరచాలి' అన్న మాటను ఒప్పందంలో వ్రాయించండి.

పూడిక, చివరి చదును

పల్లాన్ని ఒకేసారి నింపరాదు. 15 నుండి 20 సెంటీమీటర్ల పొరలుగా పరుస్తూ, ప్రతి పొర మీద యంత్రాన్ని నడపాలి. డోజరు బరువైనది కనుక ఎంత మందమైనా అణగదొక్కుతుందని అనుకోవడం పొరపాటు. గొలుసు పట్టాల వలన ఆ బరువు విశాలంగా పంచబడి, నేలపై ఒత్తిడి తక్కువగానే ఉంటుంది. పొర మందమైతే పైభాగం మాత్రమే గట్టిపడి, మొదటి తడికి కిందిది కుంగుతుంది. ఎంత జాగ్రత్తపడినా కొంత కుంగుదల తప్పదు. అందుచేత అడుగు లోతు పూడికకు ఒక అంగుళం వరకు ఎత్తు విడిచి పెట్టడం వాడుక. తాజా పూడికపై ఆ సంవత్సరం తూము గాని, సిమెంటు తొట్టి గాని కట్టవద్దు.

చివరి చదునుకు బ్లేడు ముందు కొంత మట్టి ఉంచుకొని నెమ్మదిగా నడపాలి. ఖాళీ బ్లేడు ఎగిరెగిరి పడుతుంది. మట్టి భారం దానిని నిలకడగా ఉంచుతుంది. ప్రతి విడతలో బ్లేడు వెడల్పులో నాలుగవ వంతైనా పాత దారి మీదికి రావాలి. లేనిచో నడుమ చాళ్ళు మిగులుతాయి. ఆ తరువాత బ్లేడును తేలియాడే స్థితిలో ఉంచి వెనుకకు నడిపిస్తే పట్టాల ముద్రలు చెరిగిపోతాయి. అంగుళం తేడాను కూడా సవరించాలనుకుంటే ఆ పని డోజరుది కాదు. ఒక తడి లేదా ఒక వానాకాలం గడిచి, పూడిక కుంగిన తరువాత, దున్ని ఆరబెట్టిన నేలపై లేజరు లెవలరును నడిపించండి. అది ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వరకు చదును చేస్తుంది. ముందే లేజరు లెవలరును తెచ్చి అడుగుల లెక్కన మట్టి మోయించాలని చూడటం ట్రాక్టరుకు, డబ్బుకు కూడా నష్టం.

తేమను చూసుకొని పని పెట్టించండి. పిడికెట్లో పట్టి నొక్కితే ముద్దయి, వేలితో తడితే విడిపోయే స్థితి అనుకూలం. రేగడి తడిగా ఉంటే బ్లేడుకు అంటుకుంటుంది, పట్టాల కింద అణగి ఇటుకలా గట్టిపడుతుంది. నడివేసవిలో ఎర్ర నేల రాయిలా ఉంటే ముందుగా రిప్పరు పండ్లతో పెకలించి, తరువాత బ్లేడు పెట్టాలి.

భద్రతను గురించి రెండు మాటలు. హద్దు రాళ్ళు, బోరు గొట్టాలు, భూమిలోని పైపులైను ముందుగానే ఎర్రగుడ్డ కట్టి చూపించండి. నిటారు వాలుపై అడ్డంగా నడిపితే యంత్రం తిరగబడుతుంది, పైకి కిందికే నడపాలి. పాడుబడిన బావిని పూడ్చేటప్పుడు బ్లేడును అంచు దాకా తీసుకుపోరాదు. మొదటి కుప్పను అంచుకు ఇవతల విడిచి, రెండవ కుప్పతో దానిని నెట్టించాలి. పిల్లలను దగ్గరికి రానీయవద్దు. వెనుకకు వచ్చే డోజరు ఆపరేటరుకు నేల మీది మనిషి కనబడడు.

చదునైన తరువాత మొదటి పంట

ఎంత జాగ్రత్తగా చేసినా కోత పడిన భాగంలో సేంద్రియ పదార్థం తగ్గుతుంది, జింకు లోపం కనిపిస్తుంది. మొదటి సంవత్సరం జనుము, జీలుగ లేదా పిల్లిపెసర వేసి పూత దశలో కలియదున్నండి. పశువుల పెంటను చేనంతా సమంగా గాక కోత భాగానికే ఎక్కువగా తోలండి. వరికి ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. దానిని భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. పైరుపై లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదు రోజుల వ్యవధితో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి. చెరువు మట్టి దొరికితే అంతకు మించినది లేదు. ఎకరానికి నూరు ట్రిప్పులు పోస్తే దాదాపు మూడంగుళాల పొర ఏర్పడుతుంది.

యంత్రం కొనదలచినవారికి, విక్రేతలకు

వాడిన డోజరును కొనడానికి రుణం కోరే యువకులు మా వద్దకు వస్తుంటారు. రంగు చూసి మోసపోవద్దు. గొలుసు పట్టా, రోలర్లు, స్ప్రాకెట్లు కలిసిన కింది భాగమే మరమ్మతు ఖర్చులో సుమారు సగం తినేస్తుంది. పళ్ళు కొసదేలి ఉన్నాయేమో, గొలుసు సాగి ఉందేమో తెలిసిన మెకానిక్కుతో చూపించండి. ఇంజను నడుస్తుండగా బ్లేడును ఎత్తి నిలిపి చూడండి. దానంతట అది త్వరగా దిగిపోతుంటే హైడ్రాలిక్కులో లోపం ఉన్నట్లే. బ్లేడు అంచు పట్టీని అరిగినప్పుడు తిప్పి బిగించవచ్చు. అరుగుదల బ్లేడు దాకా పోనిచ్చినవాడు పట్టీ ధరకు బదులు బ్లేడు ధర చెల్లిస్తాడు. వెనుకకు వేగంగా నడపడం వలన కింది భాగం త్వరగా అరుగుతుందని ఆపరేటరుకు చెప్పండి. పని ఆపిన ప్రతిసారి బ్లేడును నేలకు దించి ఉంచాలి.

పొలం పని యాసంగి కోతల నుండి తొలకరి వరకే ఉంటుంది. కనుక కిస్తీలను నెలవారీగా గాక ఆ కాలానికి సరిపడేటట్లు పెట్టమని దరఖాస్తు సమయంలోనే శాఖలో అడగండి. విక్రేతలకు నా మనవి ఒకటే. యంత్రంతోపాటు ఆపరేటరుకు నాలుగు రోజుల శిక్షణ ఇప్పించండి. పట్టీ పద్ధతి తెలిసిన ఆపరేటరు ఉన్న డోజరుకు మా ప్రాంతంలో రైతులు ఎదురుచూసి మరీ పని ఇస్తున్నారు.

మొదట చెప్పిన చేను సంగతి ముగించాలి. 2018 వేసవిలో ఆ రైతు మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువు నుండి మట్టి తోలించుకున్నాడు. ఎగువ ఎకరానికి నూరు ట్రిప్పులు పట్టింది. మట్టి ఉచితమే గాని, ట్రాక్టరు కిరాయి అతనిదే. జీలుగ దున్నాడు, జింకు వేశాడు. రుణ వాయిదాలను మేము పొడిగించాము. 2019 యాసంగికి గాని పైరు రెండు భాగాల్లో ఒక తీరుగా రాలేదు. 2020 వేసవిలో అతడు మిగిలిన ఎకరం చెలకను తన సొంత డబ్బుతో చదును చేయించుకున్నాడు. నన్ను పిలిచాడు. నేను వెళ్ళేసరికి ముగ్గు గీతలు గీసి ఉన్నాయి, నాలుగు గోతులు తీసి ఉన్నాయి, మొదటి పట్టీ పైమట్టి గట్టు ప్రక్కన కుప్పగా ఉంది. "పెద్దయ్యా, అడుగు మట్టం ఎంత తగ్గించినవు?" అని అడిగితే, చేతిలోని కట్టెపై గంటు చూపించాడు. తొమ్మిదంగుళాలు. ఆపరేటరు సణుగుతూనే ఉన్నాడు. ఆ ఎకరంలో మొదటి పంటే చేనంతా ఒకే రంగులో వచ్చింది. పాత రుణం చివరి కిస్తీ 2023లో చెల్లింది.